ఉక్కుకాలూ, బంగారుకాలూ



ఫుట్‌బాల్ ఆటలో బంతి ఉంటుంది గాని, గోలు కాపలావాడు తప్ప ఎవరూ దాన్ని చేత్తో ముట్టకూడదు. కుస్తీలో కాళ్ళూ చేతులూ అన్నీ వాడవచ్చు గాని, బంతి ఉండదు. ఈ రెంటినీ కలిపి ఒకే ఆటగా ఆడితే ఎట్లా ఉంటుంది? ఆ తమాషా చూపించటానికి 2001లో హాంకాంగులో ఒక హాస్య చిత్రం తీశారు. దాని పేరు ‘షావోలిన్ సాకర్’. సాకర్ అన్నా, ఫుట్‌బాల్ అన్నా ఒకటే. దాన్ని తీసినవాడూ, అందులో ముఖ్య పాత్ర ధరించినవాడూ కూడా స్టీఫెన్ చౌ అనే నటుడే.

ఈ బొమ్మ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. అయినా దాని ముక్కలు ఇప్పటికీ సెల్‌ఫోనుల్లో తిరుగుతూనే ఉన్నాయి. మా రామన్నపేటలో పిల్లలు వాటిని చూసి మైదానానికి వస్తారు. పది గజాలు పరుగెత్తి, గాలిలోకి ఎగిరి, బంతిని తన్నబోయి వెల్లకిల పడతారు. లేచి అంగి దులుపుకుని, “సార్, ఆయన తంతే గోడ పగిలింది. మేము తంతే మా నడుము పగులుతున్నది. ఎందుకు?” అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. కాని జవాబు చెప్పాలంటే ముందు కథ తెలియాలి.

ఫంగ్ అనే పేరుమోసిన ఆటగాడు ఒకడుండేవాడు. అతని కాలిని అందరూ ‘బంగారుకాలు’ అనేవారు. ఒక ముఖ్యమైన పోటీలో గోలు కొట్టవలసిన సమయాన అతడు బంతిని కావాలనే పక్కకు తన్నాడు. హంగ్ అనే తోటి ఆటగాడు అందుకోసం అతనికి లంచం ఇచ్చాడు. ప్రేక్షకులు కోపం పట్టలేక మైదానంలోకి దూకారు. ఆ గొడవలో బంగారుకాలు కాస్తా విరిగింది. ఇరవై ఏళ్ళు గడిచేసరికి హంగ్ పెద్ద జట్టుకు యజమాని అయినాడు. ఫంగ్ కుంటుకుంటూ అతని దగ్గరే ఊడిగం చేస్తున్నాడు. ఆనాడు కాలు విరగగొట్టించినది కూడా తానేనని హంగ్ ఒకరోజు నవ్వుతూ చెప్పేశాడు.

ఏడుపు దిగమింగుకుని వీధిన పడ్డ ఫంగ్‌కు సింగ్ అనే యువకుడు తగిలాడు. సింగ్ చెత్త ఏరుకుని బతుకుతున్నాడు. కాళ్ళకు చిరిగిన బూట్లు. కాని అతడు షావోలిన్ విద్య నేర్చినవాడు. ఆ విద్యను నలుగురికీ ఎట్లా పంచాలా అన్నదే అతని బెంగ. “అరటితొక్క మీద కాలు జారిన మనిషికి మా విద్య వస్తే కిందపడదు గదా!” అంటాడు. అతడు ఒక ఖాళీ డబ్బాను తంతే అది ఆకాశంలో కనుమరుగైంది. తరువాత ఎంతో దూరాన ఒక గోడలో దిగబడి ఆ డబ్బా ఫంగ్ కంటబడింది. కుంటి ఆటగాడి కళ్ళు మెరిశాయి. డబ్బా బదులు బంతి అయితే?

సింగ్‌కు అన్నదమ్ముల వంటి తోటి శిష్యులు ఐదుగురున్నారు. ఒకడిది ఇనుపతల. ఒకడి కాలు సుడిగాలి. ఒకడి పొట్ట ఇనుపకవచం. ఒకడి చేతులు మెరుపుతీగలు. ఆఖరువాడు గాలిలో దూదిలాగా తేలగలడు. కాని గురువుగారు పోయిన తరువాత అందరూ తలా ఒక దారి పట్టారు. కూలో నాలో చేసుకుంటూ, విద్య మరిచి, పొట్టలు పెంచి కూర్చున్నారు. తేలవలసినవాడే అందరికన్న లావు! సింగ్ వాళ్ళను బతిమాలి తీసుకువచ్చాడు. మొదటి పోటీలో రౌడీల జట్టు వీళ్ళను చితకబాదింది. ఒకడు దండం పెట్టి ఓటమి ఒప్పుకునేదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఒక్కొక్కరికీ పాత విద్య గుర్తుకు వచ్చింది. ఆ తరువాత బంతి వాళ్ళ దగ్గర నుంచి కదలలేదు. ఓడిన రౌడీలు “మమ్మల్నీ మీ జట్టులో చేర్చుకోండి” అని వచ్చారు.

ఈ కథలో నాకు అందరికన్న నచ్చినది మూయీ అనే అమ్మాయి. ఆమె ఒక అంగడిలో ఆవిరి మీద ఉడికించే రొట్టెలు చేస్తుంది. మనం ఇడ్లీ ఉడికించినట్టే అక్కడివాళ్ళు గోధుమపిండి ముద్దలను ఉడికిస్తారు. ముఖాన మచ్చలున్నాయని ఆమె జుట్టు ముందుకు వేసుకుని తలవంచుకుని ఉంటుంది. కాని పిండి పిసికేటప్పుడు చూడాలి! ‘తాయ్ చీ’ అనే విద్య ఆమె చేతుల్లో ఉంది. పిండి నీటిలాగా తిరుగుతుంది. సింగ్ చిరిగిన బూట్లను కుట్టి ఇచ్చింది ఆమే. మనసు నొచ్చుకున్న రోజున ఆమె కన్నీళ్ళు పడి రొట్టెలు ఉప్పగా అయినాయి. ఆ కాస్తకే యజమానురాలు ఆమెను పనిలోంచి తీసేసింది. సినిమా అంతా నవ్విస్తూ పోయి, అక్కడ మాత్రం గొంతు పట్టుకుంటుంది.

ఆఖరు పోటీ హంగ్ జట్టుతో. ఆ జట్టు పేరే ‘దుష్టుల జట్టు’. వాళ్ళు మందు సూదులు పొడిపించుకుని రాక్షసబలంతో వచ్చారు. సింగ్ ఉక్కుకాలితో తన్నిన బంతిని వాళ్ళ గోలు కాపలావాడు ఒంటిచేత్తో పట్టేశాడు. వీళ్ళ మనుషులు ఒక్కొక్కరే దెబ్బలు తిని బయటికి పోతున్నారు. ఆడేందుకు మనిషి చాలని సమయానికి గుండు చేయించుకుని మూయీ వచ్చి గోలు ముందు నిలబడింది. భగ్గున మండుతూ వచ్చిన బంతికి ఆమె ఎదురు నిలవలేదు. దానితోపాటు వెనక్కి ఒరిగి, గిరగిర తిప్పి, పిండిముద్దను లొంగదీసినట్టు లొంగదీసింది. అదే బంతిని సింగ్ తంతే సుడిగాలి లేచి దుష్టుల గోలు కొట్టుకుపోయింది.

ఇదీ కథ. 2002లో హాంకాంగు చలనచిత్ర బహుమతుల్లో ఉత్తమ చిత్రం బహుమతి దీనికే వచ్చింది. అదే ఏడు చైనా దేశపు జట్టు మొట్టమొదటిసారి ప్రపంచ కప్పు పోటీలకు వెళ్ళి మూడు ఆటలు ఆడింది. మూడూ ఓడింది. ఒక్క గోలూ కొట్టలేదు! ఉక్కుకాలు సినిమాలోనే ఉండిపోయింది.

షావోలిన్ మాత్రం కల్పన కాదు. చైనాలో హెనాన్ రాష్ట్రంలో, సోంగ్ పర్వతం మీద ఆ పేరుగల బౌద్ధ మఠం ఉంది. దాన్ని 495లో కట్టించారనీ, మన దేశం నుంచి వెళ్ళిన బుద్ధభద్రుడు అనే భిక్షువు కోసం కట్టించారనీ చరిత్ర చెబుతున్నది. 621లో అక్కడి భిక్షువులు ఒక యుద్ధంలో రాజుకు సాయపడినట్టు రాతి మీద చెక్కి ఉంది. కుంగ్‌ఫూ అంతా బోధిధర్ముడు నేర్పాడని కూడా అంటారు. కాని ఆ కథకు దొరికే ఆధారాలు ఆయన తరువాత వెయ్యేళ్ళకు రాసినవి. అందుచేత దాన్ని కథగానే వినాలి.

ఇప్పుడు మన ప్రశ్న దగ్గరికి వద్దాం. ఆయన అట్లా ఎట్లా ఎగిరాడు?

తీగలతో ఎగిరాడు. నటుడి నడుముకూ తొడలకూ బట్టల కింద గట్టి పట్టీలు కడతారు. వాటికి సన్నని ఉక్కుతీగలు తగిలించి, పైన కప్పీల మీదుగా తెచ్చి, అవతల కొందరు మనుషులు లాగుతారు. బావిలో చేద లాగటం మీరు చూసి ఉంటే ఇది తేలికగా అర్థమవుతుంది. ఫోటో తీసిన తరువాత కంప్యూటరు మీద కూర్చుని బొమ్మ బొమ్మలో ఆ తీగలను చెరిపేస్తారు. మంట, సుడిగాలి, గోడ పగలటం మొదలైనవన్నీ కంప్యూటరులో గీసి అతికించినవే. ఇనుపతల మీద పగిలే సీసాల సంగతి కూడా చెప్పాలి. షూటింగు సీసాలను పంచదార పాకంతోనో, జిగురు వంటి పదార్థంతోనో పోస్తారు. అవి అప్పడంలాగా విరుగుతాయి. అసలు సీసా విరగదు, తల పగులుతుంది సుమా!

నేను లెక్కల మాస్టరుగా ఉద్యోగం మొదలుపెట్టినవాణ్ణి. లెక్క వేయకుండా ఊరుకోలేను. పలకో కాగితమో తెచ్చుకోండి.

సినిమాలో బంతి తగిలి గోలు కాపలావాడు గాలిలో ఎగిరిపోతాడు. నిజంగా అట్లా జరుగుతుందా? ఫుట్‌బాల్ బరువు 410 నుంచి 450 గ్రాములు ఉండాలని నియమం. 430 అనుకుందాం. ఆరితేరిన ఆటగాడు గట్టిగా తంతే అది సెకనుకు 30 మీటర్ల వేగంతో పోతుంది. అంటే గంటకు 108 కిలోమీటర్లు. కాపలావాడు 70 కిలోల మనిషి అనుకోండి. బంతి అతని చేతుల్లో చిక్కుకుంటే, దానికున్న ఊపును ఇద్దరూ పంచుకోవాలి. బరువును వేగంతో హెచ్చవేస్తే వచ్చేదే ఆ ఊపు. పై తరగతుల్లో దాన్ని ద్రవ్యవేగం అంటారు. 0.43ను 30తో హెచ్చవేస్తే 12.9 వస్తుంది. దాన్ని ఇద్దరి బరువు 70.43తో భాగించండి. 0.18 వచ్చిందా? అంటే ఆ మనిషి జారుడు నేల మీద నిలబడి ఉన్నా, సెకనుకు 18 సెంటీమీటర్లు వెనక్కి పోతాడు. జానెడు కూడా కాదు!

సరే, అతడు సినిమాలోలాగా సెకనుకు 10 మీటర్ల వేగంతో ఎగిరిపోవాలంటే బంతి ఎంత వేగంతో రావాలి? లెక్క తిరగవేయండి. దాదాపు 1640 మీటర్లు. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. అంటే బంతి ధ్వనికన్న దాదాపు ఐదు రెట్లు వేగంగా రావాలి. తన్నిన చప్పుడు వినబడేలోపలే ఆట అయిపోతుంది. అంత గట్టిగా తంతే బంతి గోలుదాకా పోదు, కాలి దగ్గరే పేలిపోతుంది. తన్నినవాడి కాలి సంగతి ఇక చెప్పక్కర్లేదు.

అయితే సినిమాలో అంతా అబద్ధమేనా? కాదు. మూయీ పట్టిన పట్టు ఉంది చూశారూ, అది నూటికి నూరుపాళ్ళూ నిజం.

ఒక బెలూనులో నీళ్ళు నింపి ముడివేయండి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి విసురుకోండి. (ఇంట్లో కాదు, వాకిట్లో!) చేతులు బిగబట్టి పడితే బెలూను పగిలి ముఖం కడుగుతుంది. అది వచ్చే దారినే చేతులను మెల్లగా వెనక్కి తీసుకుంటూ పడితే పసిపాపలాగా ఒదిగిపోతుంది. క్రికెట్టులో క్యాచ్ పట్టేవాడు చేతులు వెనక్కి లాగటంలో ఉన్న కిటుకు కూడా ఇదే. ఇందాకటి బంతినే తీసుకోండి. దాన్ని 5 సెంటీమీటర్లలో ఆపితే చేతుల మీద సగటున సుమారు 390 కిలోల బరువు పెట్టినంత ఒత్తిడి పడుతుంది. చేతులు వెనక్కి లాగుతూ 50 సెంటీమీటర్లలో ఆపితే అది 39 కిలోలకు దిగుతుంది. కొనుగోలు కేంద్రంలో నింపే వడ్ల బస్తా ఒకటి 40 కిలోలు. పది బస్తాలు మీద పడటానికీ, ఒక్క బస్తా మోయటానికీ ఉన్న తేడా అది. బంతి మారలేదు, వేగం మారలేదు. ఆపిన దూరం మారింది, అంతే.

విద్యను రోజు పనిలో వాడుకోవటం అనే సంగతి కూడా నిజమే. మా మండలంలో సిరిపురం, వెల్లంకి అనే నేతగాళ్ళ ఊళ్ళున్నాయి. గుంటమగ్గం మీద కూర్చున్న మనిషిని ఒక గంటసేపు చూడండి. కాళ్ళు ఒక లెక్కన తొక్కుతుంటాయి. ఒక చెయ్యి నాడెను ఆడిస్తుంటుంది. ఇంకొక చెయ్యి పోగును దగ్గరికి కొడుతుంటుంది. కన్ను రంగు తప్పకుండా కాస్తుంటుంది. స్టీఫెన్ చౌ ఇటు వచ్చి ఉంటే మూయీని రొట్టెల అంగడిలో కాక మగ్గం గుంటలో కూర్చోబెట్టేవాడని నా అనుమానం.

ఇక కుస్తీనీ జట్టు ఆటనూ కలపటానికి మనకు కంప్యూటరుతో పనిలేదు. ఆ ఆట మన ఊళ్ళల్లో ఎప్పటినుంచో ఉంది. చెడుగుడు! ఏడుగురు ఇటు, ఏడుగురు అటు. ఒక్కడు కూత పెట్టుకుంటూ అవతలి బరిలోకి పోవాలి. వెనుకనుంచి చీలమండ పట్టేవాడొకడు, తొడ పట్టేవాడొకడు, నడుము పట్టి లేపేవాడొకడు. పట్టులన్నీ కుస్తీవే. కాని ఒంటరిగా పట్టబోయినవాడు మట్టి కరుస్తాడు. చేతులు కలిపి గొలుసుకట్టి పట్టినప్పుడే వచ్చినవాడు చిక్కుతాడు. 1990లో బీజింగులో జరిగిన ఆసియా క్రీడల్లో కబడ్డీకి మొదటిసారి పతకాలిచ్చారు. ఆ మొదటి స్వర్ణం మనదే. తెలుగు సినిమాలు కూడా ఈ ఆటను వదలలేదు. 2003లో ‘ఒక్కడు’, ‘కబడ్డీ కబడ్డీ’ అనే రెండు సినిమాలు వచ్చాయి. 2010లో ‘భీమిలి కబడ్డీ జట్టు’ వచ్చింది. వీటిలో ఎవరూ నిప్పులు కక్కుతూ ఎగరరు గనుక నావంటి ముసలివాళ్ళకు కొంచెం హాయిగా ఉంటుంది.

బంగారుకాలు ఫంగ్ వంటి శిక్షకుడు నిజంగా ఉన్నాడా అంటే, అంతకన్న గొప్పవాడే మనకు వంద కిలోమీటర్ల లోపల, హైదరాబాదులో ఉండేవాడు. ఆయన లంచం ముట్టినవాడూ కాదు, కాలు విరిగినవాడూ కాదు. బడిపంతులు! సయ్యద్ అబ్దుల్ రహీం ఆయన పేరు. అందరూ రహీం సాబ్ అనేవారు. 1909లో పుట్టాడు. బడిలో పాఠాలు చెబుతూనే ఫుట్‌బాల్ నేర్పాడు. 1950 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తయారుచేశాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది.

సింగ్ చిరిగిన బూట్లు గుర్తున్నాయా? 1948లో లండన్ ఒలింపిక్సులో మన ఆటగాళ్ళలో చాలామంది అవి కూడా తొడుక్కోలేదు. ఉత్తకాళ్ళతో ఆడి, ఫ్రాన్సు చేతిలో 2–1 తేడాతో మాత్రమే ఓడారు. 1952లో హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడిన తరువాత గాని బూట్లు తప్పనిసరి కాలేదు. రహీం సాబ్ శిక్షణలో మన జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానం పొందింది. 1962లో జకార్తాకు వెళ్ళేనాటికి ఆయనకు క్యాన్సరు.

జకార్తాలో మొదటి ఆట దక్షిణ కొరియాతో. 2–0తో ఓడారు. తరువాత జట్టులో వెనుక వరుసకు వెన్నెముక వంటి జర్నయిల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. మీరు శిక్షకులైతే ఏం చేస్తారు? కూర్చోబెడతారు. రహీం సాబ్ కూర్చోబెట్టలేదు. వెనుక నిలిచి కాపాడేవాణ్ణి ముందు వరుసకు మార్చి, గోళ్ళు కొట్టే పని అప్పగించాడు. సెప్టెంబరు 4న ఆఖరు పోటీ మళ్ళీ దక్షిణ కొరియాతోనే. మనవాళ్ళు 2–1తో గెలిచారు. ఒక గోలు పీ.కే. బెనర్జీ కొట్టాడు. రెండోది తలకు కుట్లున్న జర్నయిల్ సింగ్ కొట్టాడు. సినిమాలో ఇనుపతలను చూసి నవ్వాను గాని, ఈ సంగతి తలుచుకుంటే నాకు నవ్వు రాదు. రహీం సాబ్ తరువాతి సంవత్సరమే, 1963 జూన్‌లో కన్నుమూశాడు. ఆయన కథతో 2024లో ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చింది.

ఆనాటి ఆ సాహసాన్ని ఇప్పుడెవరూ చేయరు, చేయకూడదు కూడా. తలకు దెబ్బ తగిలిన ఆటగాణ్ణి వెంటనే బయటికి తీసుకురావాలని వైద్యులు చెబుతున్నారు. 2020లో ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం, ప్రాథమిక బడి పిల్లలకు శిక్షణలో బంతిని తలతో కొట్టించవద్దని సలహా ఇచ్చింది.

తల్లిదండ్రులకు ఒక మాట. సినిమాలో కొంత మోటు హాస్యమూ, ఎముకలు విరిగే కొట్లాటా ఉన్నాయి. చిన్నపిల్లలను ఒంటరిగా చూడనివ్వకుండా మీరూ పక్కన కూర్చోండి. తీగలు ఎక్కడున్నాయో ఊహించే పందెం వేసుకుంటే ఇంకా సరదాగా ఉంటుంది. మందు సూదుల ఘట్టం వచ్చినప్పుడు, నిజం ఆటల్లో కూడా ఈ మోసం ఉన్నదనీ, అందుకే ఆటగాళ్ళ మూత్రమూ రక్తమూ పరీక్షిస్తారనీ చెప్పండి. దానికోసం 1999లో ప్రపంచానికంతటికీ ఒక సంస్థనే పెట్టారు.

పిల్లలకు ఒక ఆట చెప్పి ముగిస్తాను. ఇది నేను కల్పించినది కాదు. రహీం సాబ్ హైదరాబాదులో పోటీలు పెట్టి ఆడించినదే. మామూలు ఫుట్‌బాలే, కాని చేతకాని కాలితో మాత్రమే తన్నాలి. కుడికాలివాడు ఎడమకాలితో, ఎడమకాలివాడు కుడికాలితో. జట్టుకు ఐదుగురు చాలు. మంచికాలికి గుర్తుగా చీలమండ దగ్గర దస్తీ కట్టుకోండి. దస్తీ కట్టిన కాలు బంతికి తగిలితే బంతి అవతలి జట్టుకు పోతుంది. అర్ధగంట ఆడండి. మొదటి పది నిమిషాలూ అందరూ పడతారు. పచ్చిక ఉన్నచోట ఆడితే మోకాళ్ళు దక్కుతాయి.